భయభక్తులు: ప్రవక్తలు దేవుని ముందు ఎందుకు వణికారు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం కూడిక అయ్యాక చెప్పులు వేసుకుంటూ అడిగినవాళ్ళున్నారు. రాత్రి పదిన్నరకు ఫోన్ చేసి అడిగినవాళ్ళూ ఉన్నారు. ఎటు తిరిగినా ప్రశ్న ఒక్కచోటికే వస్తుంది: దేవుడు మంచివాడని చెబుతారు, మళ్ళీ ఆయనకు భయపడమంటారు, ఇదెలా కుదురుతుంది? యెషయా, యిర్మీయా, హోషేయ, యోనా వంటి ప్రవక్తల పుస్తకాలు ముందు పెట్టుకుని, నాకు అర్థమైనంత మేరకు జవాబులు రాశాను. వచనాలు ఎత్తి చెప్పినచోట మన ఇళ్ళల్లో ఉండే పాత తెలుగు బైబిలు మాటలే వాడాను.

భయభక్తులు అంటే భయమా, భక్తా?

రెండూ. హీబ్రూలో "యిర్ఆ" అని ఒకే మాట ఉంది. శత్రువు మీదికి వస్తుంటే పుట్టే భయానికీ అదే మాట, దేవుని ఎదుట తల వంచే గౌరవానికీ అదే మాట. మన అనువాదకులు చాలాచోట్ల దాన్ని "భయభక్తులు" అన్నారు. ఇంతకంటే చక్కటి మాట దొరకదని నా నమ్మకం. ఎందుకంటే అది బైబిలు కోసం పుట్టించిన మాట కాదు, మన నోళ్ళలో ముందునుంచీ ఉన్నదే. "వాడికి భయమూ లేదు, భక్తీ లేదు" అని పెద్దవాళ్ళు విసుక్కుంటారు చూడండి, అక్కడ ఆ రెంటినీ విడదీసి చూడరు. ఒకటి పోతే రెండోదీ పోయినట్టే.

మా నాయనమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి బైబిలు తీసేది. తీసే ముందు చేతులు కడుక్కునేది, కొంగు తలమీదికి లాక్కునేది. "పుస్తకమేగా నాయనమ్మా" అంటే "చేతికి మసి ఉంది నాన్నా" అనేది. పేజీ మూల వేలితో పట్టుకుని, చిరుగుతుందేమో అన్నట్టు మెల్లగా తిప్పేది. ఆవిడ దేవుడంటే బెదిరిపోయిన మనిషి కాదు. తన కష్టాలన్నీ ఆయనతోనే చెప్పుకునేది, ఒక్కోసారి గట్టిగానే అడిగేది. కానీ ఆ చేతులు కడుక్కోవడం మాత్రం మానలేదు.

దేవుడు మంచివాడైతే భయం ఎందుకు? చెడ్డవాళ్ళకు కదా భయపడాలి?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. దీనికి ప్రవక్తలిచ్చే జవాబు మనం అనుకునేది కాదు. దేవుడు మంచివాడైనా భయపడండి అని వాళ్ళు అనలేదు. ఆయన మంచివాడు కాబట్టే వణుకు పుడుతుందన్నారు.

హోషేయ మూడో అధ్యాయం చూడండి. భార్య అతణ్ణి వదిలి వెళ్ళిపోయింది. అతడు పదిహేను తులాల వెండి, దాంతోపాటు యవలూ ఇచ్చి ఆమెను తిరిగి తెచ్చుకున్నాడు. ఇశ్రాయేలు ప్రజలు కూడా ఒకరోజు అలాగే తిరిగి వస్తారని చెబుతూ ఐదో వచనంలో హోషేయ వాడిన హీబ్రూ మాటల్ని ఉన్నదున్నట్టు చెబితే ఇలా ఉంటుంది: వాళ్ళు వణుకుతూ యెహోవా దగ్గరికి, ఆయన మంచితనం దగ్గరికి వస్తారు. మంచితనం దగ్గరికి వణుకుతూ రావడమేమిటి?

ఇది మన ఇళ్ళల్లో తెలియని సంగతేమీ కాదు. పెద్ద తప్పు చేసి, రెండు రోజులు ఎక్కడెక్కడో తిరిగి, రాత్రివేళ ఇంటికి చేరిన కొడుకును తలచుకోండి. నాలుగు తిట్టినా, చెయ్యి చేసుకున్నా వాడికి తేలికగానే ఉంటుంది. అమ్మ ఒక్క మాట కూడా అనకుండా కంచం పెట్టి, అన్నం వడ్డించి, పక్కన కూర్చుంటే? ముద్ద గొంతు దిగదు. చేతులు వణుకుతాయి. ఆ వణుకుకు కారణం దెబ్బలు పడతాయన్న టెన్షన్ కాదు కదా.

యిర్మీయా 33:9 కూడా ఇదే దారిలో నడుస్తుంది. యెరూషలేము ముట్టడిలో ఉంది, యిర్మీయా కాపలా ఆవరణలో బందీగా ఉన్నాడు. అప్పుడు దేవుడు అతనితో, తాను ఈ పట్టణానికి చేయబోయే మేలు విని భూమిమీది జనాలన్నీ భయపడి వణుకుతాయని చెప్పాడు. శిక్ష విని వణకడం ఎవరైనా ఊహించగలరు. మేలు విని వణకడం ప్రవక్తలు కనిపెట్టి చెప్పిన సంగతి. ప్రవక్తల గ్రంథాల్లో నన్ను మొదట పట్టి ఆపింది ఇదే, ఇప్పటికీ వదల్లేదు.

యెషయా ఆలయంలో ఏం చూశాడు?

"రాజైన ఉజ్జియా మృతినొందిన సంవత్సరమున" అని ఆరో అధ్యాయం మొదలవుతుంది. క్రీస్తుపూర్వం 740 ప్రాంతం. ఉజ్జియా 52 ఏళ్ళు యూదాను ఏలాడు. ఆ దేశంలో సగంమందికి వేరే రాజు ఉండేవాడన్న సంగతే తెలిసి ఉండదు. బలవంతుడు, కోటలు కట్టించాడు, బావులు తవ్వించాడు. బలం పెరిగాక గర్వం పెరిగింది. యాజకులు వద్దంటున్నా ధూపార్తి పట్టుకుని తానే ఆలయంలోకి వెళ్ళాడు. బయటికి వచ్చేసరికి నొసటిమీద కుష్ఠు. చనిపోయేదాకా వేరే ఇంట్లో ఒంటరిగా బతికాడని దినవృత్తాంతముల రెండో గ్రంథం చెబుతుంది. ఈ కథ తెలిసి యెషయా ఆరో అధ్యాయం చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ రాజు పోయిన ఏడాదే, అదే ఆలయంలో, యెషయాకు అసలైన రాజు కనిపించాడు.

కనిపించాడన్నానే గానీ, యెషయా ఆయన ముఖం గురించి ఒక్క మాట చెప్పలేదు. ఎత్తయిన సింహాసనం, వస్త్రపు అంచులు, అంతే. ఆ అంచులతోనే ఆలయమంతా నిండిపోయింది, ఇక చూపు పైకి పోలేదు. పైన సెరాపులు. ఒక్కొక్కరికి ఆరు రెక్కలు. రెండింటితో ముఖం కప్పుకున్నారు, రెండింటితో కాళ్ళు కప్పుకున్నారు, రెండింటితో ఎగురుతున్నారు. లెక్క చూడండి: ఎగరడానికి రెండే, కప్పుకోవడానికి నాలుగు. ఏ పాపమూ ఎరగని దూతలు కూడా ఆయన ముందు ముఖం దాచుకున్నారు. "సైన్యములకధిపతియగు యెహోవా పరిశుద్ధుడు పరిశుద్ధుడు పరిశుద్ధుడు" అని వాళ్ళు ఒకరితో ఒకరు గొంతెత్తి చెప్పుకుంటుంటే గడప కమ్ములు కదిలాయి, మందిరం పొగతో నిండిపోయింది.

హీబ్రూలో ఒక మాటకు బలం ఇవ్వాలంటే రెండుసార్లు చెబుతారు. మనం "పచ్చపచ్చగా", "మెల్లమెల్లగా" అన్నట్టు. మూడుసార్లు చెప్పడం చాలా అరుదు. ఆ మూడుసార్ల మాట ఇప్పటికీ పోలేదు. సమాజమందిరాల్లో యూదులు ఈ మాటలు పలికేటప్పుడు పాదాలు రెండూ దగ్గరగా పెట్టి నిలబడి, ఒక్కో "పరిశుద్ధుడు"కీ మునివేళ్ళమీద లేస్తారు. మన సంఘాల్లో ప్రభువు బల్ల ఆరాధనలో వినిపించే "పరిశుద్ధ, పరిశుద్ధ, పరిశుద్ధ" కూడా అక్కడి నుంచి వచ్చిందే.

ఏ తప్పు చేశాడని యెషయా "నశించితిని" అన్నాడు?

ఎవరూ ఏమీ అనలేదు, ఏ నేరమూ మోపలేదు. వెలుతురు పడగానే గోడమీది మరక కనిపించినట్టు, తన పెదవుల అపవిత్రత తనకే కనిపించింది. ప్రవక్తకు నోరే పనిముట్టు. తనలో అన్నిటికంటే మంచిదనుకున్నదే అక్కడ పనికిరాలేదు.

తర్వాత జరిగింది తీరిగ్గా చదవాలి. ఒక సెరాపు బలిపీఠం నుంచి "కారుతో తీసిన నిప్పు" పట్టుకుని ఎగిరొచ్చాడు. కారు అంటే పట్టుకారు, కుంపటిలో బొగ్గు తీసే సాధనం. నిప్పులాంటి దూత కూడా ఆ నిప్పును బలిపీఠం మీద నుంచి పట్టుకారుతోనే తీశాడు. అలాంటిది ఆ నిప్పు యెషయా పెదవులను తాకింది. కాలిపోవాలి. కానీ కాలిపోయింది దోషం మాత్రమే. ఉజ్జియా ధూపార్తి పట్టుకుని తోసుకుని వెళ్ళి కుష్ఠుతో బయటికి వచ్చాడు. "అయ్యో" అంటూ నిలబడిపోయినవాడి దగ్గరికి నిప్పే నడిచొచ్చి బాగుచేసింది. ఆ తర్వాత "నేను ఎవని పంపెదను?" అన్న ప్రశ్న వినబడగానే, ఇందాక నోరు పెగలనివాడే "నేనున్నాను నన్ను పంపుము" అన్నాడు.

మహిమ అన్న మాటకు అసలు అర్థం ఏమిటి?

హీబ్రూలో "కావోద్". బరువు అన్న మూలం నుంచి వచ్చింది. మనం కూడా "ఆయన మాటకు బరువుంది" అంటాం కదా, అదే లెక్క. వెలుగు, తేజస్సు అన్న అర్థాలు దాని వెంట వచ్చాయి.

యెహెజ్కేలు చూసిన చక్రాలు ఏదైనా వింత వాహనమా? యూట్యూబ్‌లో అలా చెబుతున్నారు.

చక్రంలో చక్రం, అంచుల నిండా కళ్ళు, నాలుగు ముఖాల జీవులు అని చదివితే అలాంటి ఊహ రావడం వింత కాదు. కానీ ఆ అధ్యాయంలో పెద్ద వింత ఆ చక్రాలు ఎలా ఉన్నాయన్నది కాదు, ఎక్కడ కనిపించాయన్నది. క్రీస్తుపూర్వం 593లో యెహెజ్కేలు బబులోను దేశంలో, కెబారు నది దగ్గర, చెరపట్టబడినవాళ్ళ మధ్య ఉన్నాడు. యాజకుడు, కానీ ఆలయం లేదు. దేవుడు యెరూషలేములోనే ఉండిపోయాడు, మేము ఇక్కడ ఎవరికీ పట్టనివాళ్ళం అనుకుంటున్న చోట సింహాసనం కదిలి వచ్చింది. చక్రాలు అందుకే. ఆయన మహిమ ఒకచోట కట్టేసి ఉండేది కాదు.

ఇంకో సంగతి. అంత చూసినవాడు చివరికి "దేవుణ్ణి చూశాను" అనలేదు. యెహోవా మహిమ పోలికలాంటి రూపం అన్నట్టుగా, మాట మీద మాట అడ్డుపెట్టి చెప్పాడు. సాగిలపడ్డాడు. తర్వాత తేలాబీబులో తనవాళ్ళ మధ్య ఏడు రోజులు నోట మాట లేకుండా కూర్చున్నాడు. ఈ దర్శనాన్ని అందరి ముందూ వివరించడం తగదని యూదు గురువుల పాత బోధల సంకలనం మిష్నా కట్టడి చేసింది. దానిమీద వీడియోలు చేసేవాళ్ళు ఆ ఏడు రోజుల మౌనం గురించి కూడా చెబితే బాగుండును.

దేవుని శక్తీ మంచితనమూ ఒకేచోట కనిపించే భాగం చెప్పండి.

రెండు చెబుతాను, ఒకటి ఎంచుకోవడం నావల్ల కాదు.

మొదటిది యిర్మీయా 5:22 నుంచి 24 దాకా. "నాకు మీరు భయపడరా?" అని దేవుడు అడుగుతాడు. ఎందుకు భయపడాలో చెబుతూ సముద్రానికి తాను ఇసుకను హద్దుగా పెట్టానంటాడు. బాపట్ల దగ్గరో, భీమిలిలోనో తీరాన నిలబడి ఒక్కసారి ఈ వచనం గుర్తు చేసుకోండి. ఇసుక పిడికిట్లో పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. పిల్లలు కాలితో తన్నితే ఎగిరిపోతుంది. సముద్రాన్ని ఆపడానికి ఆయన కొండను నిలబెట్టలేదు, దీన్ని పరిచాడు. ఇది శక్తి. రెండు వచనాలు దాటగానే, ఆయనయందు భయభక్తులు కలిగి ఉండడానికి ఇంకో కారణం: ఆయన "తొలకరి వర్షమును కడవరి వర్షమును" వాటి కాలంలో కురిపిస్తాడు, కోత వారాలు తప్పకుండా తెస్తాడు. ఆ దేశంలో తొలి వానలు అక్టోబరు, నవంబరుల్లో దుక్కికి వస్తాయి, కడపటి వానలు మార్చి, ఏప్రిల్‌లో గింజ పాలుపోసుకునే వేళకు వస్తాయి. మన తొలకరి మృగశిర కార్తెకు. నెలలు వేరైనా, మబ్బువైపు చూసే రైతు కళ్ళు ఒక్కటే. సముద్రాన్ని ఆపినందుకు ఎంత భయపడాలో, వాన చినుకు పంపినందుకూ అంతే భయపడమన్నాడు యిర్మీయా.

రెండోది యెషయా 40. బబులోను చెరలో నలిగిపోయినవాళ్ళ కోసం చెప్పిన మాటలివి. జనములన్నీ ఆయనకు "చేదనుండి జారు బిందువులవంటివి". చేదతో నీళ్ళు తోడినవాళ్ళకు ఈ వచనం వివరించక్కర్లేదు. బొక్కెన పైకి వచ్చేటప్పుడు అడుగునుంచి చుక్కలు రాలుతూనే ఉంటాయి, ఎవరూ వాటిని లెక్కపెట్టరు. బబులోను సామ్రాజ్యం అలాంటి ఒక చుక్క. ఇప్పుడు కొంచెం వెనక్కి, పదో వచనానికి రండి. ఆయన బాహువు ఏలుతుంది అని ఉంది. రాజ్యాలను కూల్చే చెయ్యి అది. పదకొండో వచనంలో అదే బాహువు, హీబ్రూలోనూ అదే మాట, గొర్రెపిల్లలను దగ్గరికి చేర్చి "రొమ్మున ఆనించుకొని" మోస్తుంది. "పాలిచ్చువాటిని ఆయన మెల్లగా నడిపించును." తల్లిగొర్రెను తొందరపెడితే పిల్ల వెనకబడుతుందని కాపరికి తెలుసు. నక్షత్రాలను పేరుపేరునా పిలిచేవాడు పాలిచ్చే గొర్రె నడకకు తన నడక తగ్గించుకుంటాడట. ఈ వచనం దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగిపోతాను.

సముద్రం హద్దు దాటిన రోజులు మనకు తెలుసు కదా. 1977 దివిసీమ ఉప్పెన సంగతేమిటి?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళకు అడిగే హక్కుంది. 1977 నవంబరు 19న ఇసుక హద్దు నిలవలేదు. వేలమంది పోయారు. ఆ ఊళ్ళ పాపం పండిందని అప్పుడు కొందరు అన్నారంటే, అది యిర్మీయా మాట కాదు, అలా అనడం తప్పు. ఆ ఇసుక వచనానికి ముందు అధ్యాయంలోనే యిర్మీయా భూమి నిరాకారంగా, శూన్యంగా మారిపోవడం దర్శనంలో చూశాడు, కడుపులో మెలిపెట్టినంత బాధ పడ్డాడు. హద్దులు చెదిరిపోవడం అతనికి తెలియనిది కాదు.

ప్రవక్తల్లో ఎవరూ ఈ ప్రశ్నను మూసేయలేదు. హబక్కూకు పుస్తకం ఫిర్యాదుతోనే మొదలవుతుంది: నేను మొరపెడుతుంటే ఎంతకాలం వినకుండా ఉంటావు? రెండో అధ్యాయం చివర లోకమంతా ఆయన ఎదుట మౌనంగా ఉండమన్నాడు. అడగవలసినవన్నీ అడిగినవాడు చెప్పిన మౌనం అది, అడగడం మానేసినవాడి మౌనం కాదు. మూడో అధ్యాయంలో "కోపించుచునే వాత్సల్యమును జ్ఞాపకమునకు తెచ్చుకొనుము" అని వేడుకున్నాడు. పెదవులు వణుకుతున్నాయని, ఎముకలు కుళ్ళిపోతున్నట్టుందని దాచకుండా చెప్పాడు. అంజూరపు చెట్లు పూయకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా ఆయనయందు ఆనందిస్తానన్నది ఆ వణుకు మధ్యనే. ఉప్పెనలో పిల్లల్ని పోగొట్టుకున్న ఇంటికి వెళ్ళి ఈ వచనం వినిపించమని నేను ఎవరికీ చెప్పను. వాళ్ళు తమంతట తాము ఆ మాట అన్న రోజు పక్కన ఉంటే చాలు.

యోనా కథలో భయం ఎక్కడుంది? అది చేప కథ కదా?

చేపకు దక్కింది మూడు వచనాలే. భయం ఓడలో ఉంది. తుఫాను లేచినప్పుడు నావికులు భయపడ్డారు. ఎవరి దేవుణ్ణి వాళ్ళు పిలుచుకున్నారు, సరుకంతా నీళ్ళలో పారేశారు. సముద్రాన్నీ భూమినీ చేసిన దేవుని నుంచి పారిపోతున్నానని యోనా చెప్పగానే ఇంకా ఎక్కువ భయపడ్డారు. చివరికి యోనాను సముద్రంలో వేశాక అల తగ్గింది, గాలి ఆగింది. అప్పుడైనా ఊపిరి పీల్చుకోవాలి కదా? ఆ నిశ్శబ్దంలో వాళ్ళు యెహోవాకు మిగుల భయపడి, బలి అర్పించి, మొక్కుబళ్ళు చేశారని ఉంది. తుఫానులో పుట్టింది ప్రాణభయం. తుఫాను ఆగాక పుట్టింది భయభక్తులు.

దీనికి పక్కనే యోనాను పెట్టి చూడండి. "యెహోవాయందు భయభక్తులు గలవాడను" అని నోటితో చెప్పినవాడు ఆయన మాట వినకుండా పారిపోతున్నాడు. హెచ్చరించి రమ్మని తనను పంపిన నీనెవె పట్టణం వాళ్ళను దేవుడు క్షమిస్తే కోపం తెచ్చుకున్నాడు, నువ్వు దయగలవాడివని నాకు ముందే తెలుసు అని నిష్ఠూరమాడాడు. దేవుని మంచితనం పూర్తిగా తెలుసు, కానీ అది అతణ్ణి వణికించలేదు. తెలిసి ఉండడానికీ వణకడానికీ మధ్య అంత దూరం ఉందన్నమాట. యూదులు ప్రాయశ్చిత్త దినాన మధ్యాహ్నం వేళ ఈ పుస్తకమంతా చదువుతారు.

ఏలీయాకు తుఫానులో కాకుండా మెల్లని స్వరంలో ఎందుకు వినిపించింది?

హోరేబు కొండమీద గాలి, భూకంపం, అగ్ని వచ్చాయి. ఏలీయా కదల్లేదు. "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము" వినగానే దుప్పటితో ముఖం కప్పుకున్నాడు. ఎందుకలా అన్నదానికి అక్కడ వివరణ లేదు. అతను ముఖం ఎప్పుడు కప్పుకున్నాడో చూస్తే చాలు.

పాత నిబంధన దేవుడు కోపిష్టి అంటారు. నిజమేనా?

ప్రవక్తల పుస్తకాల్లో కోపం ఉంది, లేదనడం అబద్ధం. కానీ వాళ్ళు పదే పదే ఎత్తి చెప్పిన పాత మాట ఒకటుంది. మోషే "నీ మహిమను నాకు చూపుము" అని అడిగితే దేవుడు "నా మంచితనమంతయు" నీ ఎదుట కనుపరుస్తానన్నాడు. అడిగింది మహిమ, చూపింది మంచితనం. అప్పుడు ప్రకటించిన మాటలు, దయ, కనికరం, దీర్ఘశాంతం, యోవేలులో వస్తాయి, యోనాలో వస్తాయి, నీనెవె నాశనం గురించి రాసిన నహూములో కూడా తొంగిచూస్తాయి. నహూము మొదటి అధ్యాయంలో కొండలు కరుగుతాయి, మేఘాలు ఆయన పాదధూళి అవుతాయి, ఆ హోరు మధ్యలో ఉన్నట్టుండి "యెహోవా ఉత్తముడు". తుఫాను కన్ను లాంటి వచనం అది.

ఆ కోపం ఎవరిమీదో కూడా చూడాలి. తెకోవలో పశువులు కాసుకునే ఆమోసు "సింహము గర్జించెను, భయపడనివాడెవడు?" అన్నాడు. ఆకాశ నక్షత్రాలను చేసినవాణ్ణి కీర్తించిన నోటితోనే, చెప్పుల జోడు కోసం పేదవాణ్ణి అమ్మేసినవాళ్ళను, కొలతలు తగ్గించి ధాన్యం అమ్మినవాళ్ళను కడిగేశాడు. తప్పుడు తూకంతో మోసపోయిన ఇంటావిడకు ఆ కోపంలో మంచితనం కనిపిస్తుంది.

పిల్లలకు ఈ భయం ఎలా నేర్పాలి?

"కళ్ళు పోతాయి" అని మాత్రం నేర్పకండి. చిన్నప్పుడు అందరం విన్నాం. పిల్లవాడు అన్నం పారేస్తే, అబద్ధమాడితే కళ్ళు పోతాయంటాం. కొన్నాళ్ళకు వాడికి కళ్ళు పోలేదని తెలుస్తుంది, దాంతో భయమూ భక్తీ కలిసే పోతాయి. మనుషులు కట్టిన విధులను వల్లెవేసి నేర్చుకున్న భయభక్తులు తనకొద్దని యెషయా 29లో దేవుడే అన్నాడు.

పిల్లల్ని ఒక రాత్రి డాబామీదికి తీసుకెళ్ళి, కరెంటు పోయిన పూట అయితే మరీ మంచిది, నక్షత్రాలు చూపించి యెషయా 40:26 చదవండి. వీటన్నిటికీ ఆయన పేర్లు పెట్టి పిలుస్తాడని చెప్పండి. తర్వాత గొర్రెపిల్ల వచనం చదవండి. "అయితే నా పేరు కూడా తెలుసా?" అని వాళ్ళే అడుగుతారు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

యోనా చదవండి, నాలుగే అధ్యాయాలు, అరగంట చాలు. మర్నాడు యెషయా 6, ఆ మర్నాడు యెషయా 40. తర్వాత హబక్కూకు. యెహెజ్కేలు మొదటి అధ్యాయానికి తొందర లేదు. వీలైతే పైకి చదవండి, ఇవి చెవికోసం పలికిన మాటలు. గొంతు ఆగినచోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. మా నాయనమ్మ బైబిలులో అలాంటి గీతలు చాలా ఉన్నాయి, యెషయా 40:11 పక్కన రెండున్నాయి.